ఏదో ఒకటే చెప్పమంటే

అందరికీ నమస్కారం. ఒక కోర్టు కేసుతో మొదలుపెడతాను. పాతదే. కానీ ఒకే మనిషి మీద రెండు మూడు వివక్షలు కలిసి ఎలా పడతాయో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

1970లలో మాంద్యం వచ్చి, అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ మనుషుల్ని తగ్గించుకుంది. చివర చేరినవాళ్లు ముందు వెళ్లాలన్నారు. వినడానికి న్యాయంగానే ఉంది కదా! అయితే 1964కు ముందు ఆ కంపెనీ నల్లజాతి స్త్రీలను పనిలోకే తీసుకోలేదు. కాబట్టి చివర చేరిందీ వాళ్లే, ముందు పోయిందీ వాళ్లే. ఐదుగురు కోర్టుకెక్కారు. 1976లో వచ్చిన తీర్పు సారాంశం ఇది. స్త్రీలన్న వివక్ష అంటారా, ఈ కంపెనీ ఎప్పటినుంచో స్త్రీలకు ఉద్యోగాలిస్తోంది. నల్లవాళ్లన్న వివక్ష అంటారా, దాని మీద ఇంకో కేసు నడుస్తోంది, వెళ్లి అందులో కలవండి. రెండూ కలిపి అడగడం మాత్రం కుదరదు.

ఆ ఉద్యోగాలు దొరికిన స్త్రీలు తెల్లవాళ్లు. ఫ్యాక్టరీ పనిలో ఉన్న నల్లవాళ్లు మగవాళ్లు. ఈ ఐదుగురూ ఏ లెక్కలోకీ రాలేదు.

1989లో కింబర్లీ క్రెన్షా అనే న్యాయశాస్త్ర అధ్యాపకురాలు ఈ తీర్పును తీసుకుని, ఆ స్త్రీల పరిస్థితిని నాలుగు రోడ్ల కూడలిలో నిలబడిన మనిషితో పోల్చారు. బండి ఎటునుంచైనా రావచ్చు, ఒక్కోసారి అన్ని వైపుల నుంచీ రావచ్చు. ఆవిడ పెట్టిన 'ఇంటర్‌సెక్షనాలిటీ' అనే పేరుకు మన పండితులు చేసిన అనువాదాలు నోరు తిరగనివి. నేను కూడలి అనే అంటాను, మీకు అభ్యంతరం లేకపోతే.

కూడలిలో ఉన్న మనిషి లెక్కల్లో కూడా కనబడదు. ముఖం చూసి ఆడో మగో చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాములను 2018లో జాయ్ బువోలంవిని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు పరిశోధకులు పరీక్షించారు. తెల్లని మగవాళ్ల విషయంలో తప్పులు ఎక్కువలో ఎక్కువ 0.8 శాతం. నల్లని స్త్రీల దగ్గరికొచ్చేసరికి ఒక ప్రోగ్రాములో 34.7 శాతం! అందరినీ కలిపి సగటు తీస్తే ఆ ప్రోగ్రాములు బాగానే పనిచేస్తున్నట్టు ఉంటాయి. రంగునూ లింగాన్నీ కలిపి చూసినప్పుడే గుట్టు బయటపడింది.

ఇక మనుషుల్ని వేరుచేసి ఉంచడం సంగతి. 1966లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం కేప్‌టౌన్ నడిబొడ్డున ఉన్న డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటను తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించింది. అరవై వేలమందికి పైగా జనాన్ని ఊరి బయటికి తరిమి, ఇళ్లు కూల్చేసింది. ఎవరు ఎక్కడ ఉండాలో శాసించిన ఆ చట్టాన్ని 1991లో రద్దు చేశారు. ఇళ్లు మాత్రం దూరంగానే ఉండిపోయాయి. అలా దూరంగా పడేసిన పేట నుంచి ఒకామె రోజూ తెల్లవారకముందే లేచి, నగరంలో ఇంటిపనికి వెళ్తుందనుకోండి. ఇల్లు దూరమైంది జాతి వల్ల. ఇంటిపనే దొరికింది ఆడది కావడం వల్ల. గంటలకొద్దీ బస్సులో నిలబడుతున్నది డబ్బు లేక. ఆమె అలసటలో ఇది జాతి వాటా, ఇది పేదరికం వాటా అని ఎవరు పంచగలరు? పిల్లల బడి కూడా ఆ దూరపు పేటలోనే ఉంటుంది, కాబట్టి కథ అక్కడితో ఆగదు.

అంతా పేదరికమే, డబ్బుంటే అన్నీ సర్దుకుంటాయి అని ప్రతి సభలోనూ ఒకరు అంటారు. ఇవాళ ఎవరూ అనకముందే చెప్పేస్తాను. 2004లో అమెరికాలో, 2007లో మన దేశంలో అచ్చయిన అధ్యయనాల్లో, అర్హతలు సమానంగా ఉన్న ఉద్యోగ దరఖాస్తులను పేర్లు మాత్రం మార్చి పంపారు. అక్కడ నల్లజాతి పేర్లకు, ఇక్కడ దళిత, ముస్లిం పేర్లకు పిలుపులు తక్కువ వచ్చాయి. ఆ కాగితం మీద పేదరికం ఎక్కడుంది?

మన రాజ్యాంగం 15వ అధికరణ మతం, జాతి, కులం, లింగం, పుట్టినచోటు కారణంగా మాత్రమే వివక్ష చూపరాదంటుంది. ఆ తర్వాత 'వీటిలో దేని కారణంగానైనా' అనే మాట కూడా ఉంది. కానీ కోర్టులు చాలాకాలం ఆ 'మాత్రమే'నే పట్టుకున్నాయి. ఏదో ఒకటే చెప్పమన్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లో పుట్టుకతోనే చూపులేని ఒక దళిత యువతిపై అత్యాచారం జరిగింది. ఆ కేసులో 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు లింగం, కులం, వైకల్యం ఎలా పెనవేసుకుంటాయో వివరంగా రాసింది. అత్యాచారానికి వేసిన యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. ఎస్సీ, ఎస్టీలపై దౌర్జన్యాలను అడ్డుకునే అట్రాసిటీ చట్టం కింద శిక్షను మాత్రం కొట్టేసింది. కులం కారణంగానే ఈ నేరం జరిగిందని ప్రాసిక్యూషన్ విడిగా రుజువు చేయలేదు మరి. బాధితురాలి కులం తెలిసి చేస్తే చాలన్నట్టుగా పార్లమెంటు ఆ చట్టాన్ని 2015లోనే సవరించింది. ఆమెపై నేరం జరిగింది అంతకుముందు. ఆ సవరణ ఆమెకు అక్కరకు రాలేదు.