బ్లాస్టింగ్ ఆపమనే హక్కు ఎవరికుంది?

శ్రోతలకు నమస్కారం. టెక్కలి నుంచి మెళియాపుట్టి వైపు వెళ్లేవాళ్లకి దారి పొడవునా గ్రానైట్ క్వారీలు కనబడతాయి. విజయనగరం జిల్లాలో గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు గనులు మన తాతముత్తాతల కాలం నుంచీ ఉన్నవే. ఇన్ని గనుల పక్కన బతుకుతున్నాం కదా, గని అనగానే మనకి గుర్తొచ్చేది ఓనరు, మేనేజరు, లారీలు, దుమ్ము. ఇంకో ఉద్యోగం కూడా ఉంది. కంపెనీకీ చుట్టుపక్కల ఊళ్లకీ మధ్య వ్యవహారం చూసే సూపర్‌వైజర్ ఉద్యోగం. కెనడా, ఆస్ట్రేలియాల్లో అయితే మూలవాసులతో సంబంధాలు చూడటమనేది ఆ పోస్టు పేరులోనే ఉంటుంది. నేను చేసేదీ అదే తరహా పని, అందుకే దీని గురించి మొహమాటం లేకుండా మాట్లాడతాను.

చాలామంది ఈ పని అంటే కంపెనీ మాట ఊరికి చెప్పడం అనుకుంటారు. బడికి బెంచీలు ఇవ్వడం, వాటర్ ట్యాంకు కట్టించి ఫొటో దిగడం, గొడవ వస్తే నలుగురు పెద్దల్ని కూర్చోబెట్టి సర్దేయడం. నా దృష్టిలో అసలు పని దీనికి తిరుగుదిశలో ఉంది. ఊరి మాటని తీసుకెళ్లి మేనేజరు గదిలో, ప్రొడక్షన్ లెక్కల మధ్యలో పెట్టి, అవసరమైతే ఈరోజు బ్లాస్టింగ్ ఆపండి అనగలగాలి. ఆ అధికారం లేని మనిషిని ఎంతమందిని పెట్టుకున్నా ఊరికి ఒరిగేదేమీ లేదు.

ఎందుకింత గట్టిగా అంటున్నానో చెప్తాను. 2020 మే నెలలో పశ్చిమ ఆస్ట్రేలియాలో, పిల్బరా అనే ఇనుప ఖనిజం ప్రాంతంలో, జూకన్ లోయలో రెండు రాతిగుహల్ని రియో టింటో కంపెనీ పేల్చేసింది. వాటిలో ఒకదానిలో మనుషులు 46,000 ఏళ్ల కిందటి నుంచీ తిరిగిన ఆనవాళ్లున్నాయి. అక్కడ దొరికిన 4,000 ఏళ్ల నాటి జుట్టుతో అల్లిన పట్టీని పరీక్షిస్తే, ఇప్పుడు బతికున్న పూటు కుంటి కుర్రమ, పినికుర ప్రజలతో రక్తసంబంధం తేలింది. అంటే ఆ గుహ వాళ్ల సొంత పూర్వీకులదేనన్నమాట. కంపెనీ దగ్గర పర్మిషన్ లేదా అంటే ఉంది, 2013లోనే ప్రభుత్వం ఇచ్చింది. ఆ తర్వాతి తవ్వకాల్లో గుహ విలువేంటో బయటపడినా కాగితం మాత్రం మారలేదు. గుహల్ని ముట్టుకోకుండా గని తవ్వే దారులు కంపెనీ ముందు ఉన్నాయి, కానీ ఇంకో 80 లక్షల టన్నుల ఖనిజం వస్తుందని గుహల్ని పేల్చే దారే ఎంచుకున్నారు. ఆ ప్రజలు గుహ చూడటానికి వస్తామని అడిగితే తప్ప పేలుడు సంగతి వాళ్లకి తెలియలేదు, తెలిసేసరికి రంధ్రాల్లో మందు కూరేశారు, ఇప్పుడు బయటికి తీయడం ప్రమాదం అన్నారు.

పార్లమెంటు విచారణ జరిగింది. కంపెనీ సీఈవో, ఇనుప ఖనిజం విభాగం అధిపతి, బయటి సంబంధాలు చూసే అధిపతి, ముగ్గురూ పదవులు వదులుకోవాల్సి వచ్చింది. నాకు బాధ కలిగించేది ఏంటంటే, అంత పెద్ద కంపెనీలో మూలవాసుల సంబంధాలు చూసేవాళ్లు లేకనా? ఉన్నారు. మందు కూరేవాడికీ వాళ్లకీ మధ్య తాడు తెగిపోయి ఉంది. ఆ తర్వాతే ఆ బాధ్యత నేరుగా గని నడిపే మేనేజర్ల మీద పెట్టారు.

మన దగ్గర ఇంత పాత గుహ ఉండకపోవచ్చు. కానీ ప్రతి సవర గూడేనికీ, జాతాపు గూడేనికీ తన కొండదేవత ఉంది, కందికొత్తల పండగ ఉంది, పూజ చేసే బండ ఉంది. ఇవేవీ సర్వే మ్యాపులో ఉండవు. వెళ్లి అడిగితేనే తెలుస్తాయి, అదీ వాళ్ల తీరిక చూసుకుని, పోడు పని నుంచి దిగొచ్చాక, ఆడవాళ్లు కూడా కూర్చునే వేళకి వెళ్లాలి. సవర మాట వచ్చిన మనిషి పక్కనుండాలి. మన గిడుగు రామమూర్తి గారు వందేళ్లకు ముందే సవర నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు, మనకి కష్టమనే సాకు చెల్లదు.

మా దగ్గర ఫిర్యాదుల రిజిస్టరు ఒకటుంటుంది. గీతలు కొట్టిన మామూలు పుస్తకమే. గోడకి బీట పడింది, బోరులో నీళ్లు తగ్గాయి, సైరన్ వినబళ్లేదు, ఇలాంటివి రాసుంటాయి. ఒకసారి ఓ పెద్దావిడ వచ్చి, "బాబూ, జీడిపూత మీద దుమ్ము కూకుండిపోతంది, ఈ రెండు నెల్లయినా నీళ్లు కొట్టించండి" అంది. రోడ్డు మీద నీళ్లు చల్లే ట్యాంకరు ఉంది, కానీ అది మెయిన్ రోడ్డు వరకే వస్తోంది, తోటల పక్క మట్టిరోడ్డుకి రావట్లేదు. ఆ ఒక్క వాక్యం ట్యాంకరు డ్రైవరు దాకా వెళ్లి, అతని రూటు మారిందా లేదా అన్నదే నా ఉద్యోగానికి కొలత. రిజిస్టరులో 'పరిష్కరించబడినది' అని ఎవరైనా రాసెయ్యగలరు.

చట్టం కూడా కాస్త తెలుసుకోండి. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే గిరిజనుల కోసం రాజ్యాంగం కింద ప్రకటించిన ప్రాంతంలో, ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదంది. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో చేసిన పెసా చట్టం ప్రకారం అక్కడ గ్రానైట్ లాంటి చిన్నతరహా ఖనిజానికి లీజు ఇవ్వాలంటే ముందు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫార్సు ఉండాలి. మనకి ఆనుకునే ఉన్న ఒడిశాలో నియమగిరి కొండల మీద బాక్సైటు తవ్వాలా వద్దా అని 2013లో 12 గ్రామసభలు పెడితే 12 ఊళ్లూ వద్దన్నాయి, బాక్సైటు తవ్వకం ఆగింది.

చిక్కు ఎక్కడుందంటే, మెళియాపుట్టి, మందస వైపు చాలా సవర గూడేలు షెడ్యూలు బయట ఉండిపోయాయి. మనుషులు వాళ్లే, కొండా అదే, పెసా మాత్రం వర్తించదు. అడవి భూమి అయితే 2006 అటవీ హక్కుల చట్టం ఉంది, అది అన్నిచోట్లా చెల్లుతుంది. చట్టం అడగలేదు కాబట్టి మేమూ అడగం అనే కంపెనీని నేను సమర్థించలేను. జూకన్‌లోనూ కాగితం సరిగానే ఉంది కదా.

మీ ఊరి పక్కన క్వారీ ఉంటే, ఈసారి కంపెనీవాళ్లు మీటింగుకి వచ్చినప్పుడు బెంచీలూ ట్యాంకులూ తర్వాత మాట్లాడుకుందాం అని చెప్పండి. బ్లాస్టింగ్ ఏ వేళకో రాసి పంచాయతీ ఆఫీసు గోడకి అంటించమనండి. తీర్మానం రాస్తే చదివి వినిపించాకే వేలిముద్ర వెయ్యండి, కాపీ ఒకటి ఊళ్లోనే ఉంచుకోండి. మా ఊరి మాట మీద బ్లాస్టింగ్ ఆపించే అధికారం మీలో ఎవరికుందని అడిగి, ఆ మనిషి ఫోను నంబరు అందరి ముందూ రాయించుకోండి.