కోంత్ వద్దన్న లెక్కలు

అందరికీ నమస్కారం. సోషియాలజీ, అంటే సమాజ శాస్త్రం, అనే పేరు పెట్టినవాడు ఫ్రెంచ్ తత్వవేత్త అగస్ట్ కోంత్, 1839లో. పరీక్షకు ఆ ముక్క చాలు. ఆ పేరు ఎందుకు పెట్టాల్సి వచ్చిందన్నదే నాకు ఆసక్తి.

కోంత్ మొదట అనుకున్న పేరు సోషల్ ఫిజిక్స్. గ్రహాల కదలికకు సూత్రాలున్నట్టే సమాజానికీ ఉంటాయని ఆయన నమ్మకం. ఈలోగా బెల్జియం ఖగోళ శాస్త్రజ్ఞుడు కెట్లే 1835లో అదే పేరును ఉపశీర్షికగా పెట్టి పుస్తకం తెచ్చాడు. అందులో నేరాల లెక్కలున్నాయి. నేరం చేసే మనుషులు ఏటా మారుతున్నా, మొత్తం మాత్రం దాదాపు అంతే! కోంత్‌కు ఈ లెక్కల పద్ధతి గిట్టలేదు. పేరు వదిలేసుకుని, లాటిన్ ముక్కకు గ్రీకు ముక్క అతికించి కొత్త మాట చేశాడు.

ఆ శాస్త్రం నిలబడింది మాత్రం ఆయన కాదన్న లెక్కల మీదే. ఆ పని చేసినవాడు ఫ్రెంచ్ సమాజ శాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్. 1897లో ఆత్మహత్యల మీద ఆయన పుస్తకం వచ్చింది. అంతకన్నా సొంత విషయం మనిషికి ఇంకేముంటుంది? ఈ మనిషి ఎందుకు చనిపోయాడని ఆయన అడగలేదు. ఒక్కో దేశంలో ఆత్మహత్యల రేటు, అంటే జనాభాలో ఇంతమందికి ఇన్ని అన్న లెక్క, ఏటా ఇంచుమించు అలాగే ఎందుకు ఉంటోంది, పక్క దేశంలో వేరుగా ఎందుకుంది అని అడిగాడు. ఈ ప్రశ్న మార్చడమే అసలు పని అని నా అభిప్రాయం.

కాథలిక్కులకన్నా ప్రొటెస్టెంట్లలో రేటు ఎక్కువ. రెండు మతాలూ ఆత్మహత్యను తప్పే అంటాయి. కాబట్టి తేడా బోధలో లేదు, మనుషులను ఒకరికొకరిని కట్టి ఉంచే బలంలో ఉంది అన్నాడు. పిల్లలున్న ఇంట్లో రేటు తక్కువ. పేదరికమే కారణమంటారా? ఇటలీలో 1870 తర్వాత జీతాలు పెరిగాయి, ఆత్మహత్యలూ పెరిగాయి. ఇలా చేతిలో డబ్బు పెరిగి, ఆశలకు హద్దు చెప్పే కట్టుబాట్లు ఒక్కసారిగా సడలిన ఆ స్థితికి ఆయన పెట్టిన పేరు అనోమీ.

ఆ పుస్తకం కోసం సుమారు 26,000 ఆత్మహత్య కేసుల కాగితాలను వయసు, పెళ్లి, పిల్లల వారీగా విడదీసింది ఆయన మేనల్లుడు మార్సెల్ మోస్. న్యాయశాఖలో ఆ కాగితాలు చూడనిచ్చిన అధికారి గాబ్రియేల్ టార్డ్. మనుషులు ఒకరిని చూసి ఒకరు అనుకరిస్తారన్నది టార్డ్ సిద్ధాంతం. పుస్తకంలో దుర్ఖైమ్ గట్టిగా ఖండించింది దాన్నే. ముందుమాటలో కృతజ్ఞతా చెప్పాడు. నాకు ఆ ఇద్దరి మీదా గౌరవం.

అయితే ఆ లెక్కల్ని పూర్తిగా నమ్మలేం. ఏ మరణాన్ని ఆత్మహత్యగా రాయాలో తేల్చేది స్థానిక అధికారులు. పరువు కోసం ప్రమాదమని చెప్పే కుటుంబాలుంటాయి. కాథలిక్ ఊళ్లలో ఆత్మహత్య చేసుకున్నవారికి చర్చి అంత్యక్రియలు నిరాకరించేవారు. అలాంటిచోట ఎన్ని మరణాలు ఇంకో పేరుతో నమోదయ్యాయో ఆ 26,000 కాగితాలు చెప్పలేవు.