తిరుపతి ఇంట్లో ఒక సముద్రపు తొట్టి

శ్రోతలందరికీ నమస్కారం.

తిరుపతిలో చాలా ఇళ్ళలో రెండు రకాల నీళ్ళుంటాయి. తాగడానికి మంచినీళ్ళు, వాడకానికి బోరు నుంచి వచ్చే ఉప్పునీళ్ళు. నేను సముద్రపు చేపలు పెంచుతున్నానని, వాటి కోసం ఉప్పు ప్యాకెట్లు కొంటున్నానని తెలిశాక మా వీధిలో అందరూ ఒకటే మాట అడిగారు. "మన బోర్లో వచ్చేదే ఉప్పునీళ్ళు కదమ్మా, మళ్ళా ఉప్పు కొనేదెందుకు?" అది అడగాల్సిన ప్రశ్నే. అక్కడి నుంచే మొదలుపెడతాను.

బోరు నీళ్ళను మనం ఉప్పునీళ్ళు అంటాం గానీ, అందులో నాలుకకు తగిలేది చాలావరకు రాతిలోంచి, నేలలోంచి కరిగి వచ్చిన కాల్షియం, మెగ్నీషియం వంటి లవణాలు. బకెట్ అంచున, గీజర్ లోపల తెల్లగా గార కట్టేది అదే. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరులో వెయ్యి అని చూపించినా అది లీటరుకు ఒక గ్రాము మాత్రమే. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. ఎక్కువ భాగం సోడియం, క్లోరైడ్. ఆపైన మెగ్నీషియం, సల్ఫేట్, కాల్షియం, పొటాషియం. నడిసముద్రంలో ఎక్కడ చూసినా ఇవి ఇంచుమించు ఒకే పాళ్ళలో ఉంటాయి. సముద్రపు జీవుల ఒళ్ళు ఆ పాళ్ళకే అలవాటుపడింది. వంటింటి ఉప్పు కలిపినా, కల్లుప్పు కలిపినా ఆ పాళ్ళు రావు. అందుకే అక్వేరియంల కోసం తయారుచేసే మెరైన్ సాల్ట్ కొనాలి. వంద లీటర్లకు మూడున్నర నుంచి నాలుగు కిలోల దాకా పడుతుంది.

ఆ ఉప్పును బోరు నీళ్ళలో కలపకూడదు. ఉన్న లవణాల మీద ఇంకొన్ని చేరి లెక్క తప్పుతుంది. మునిసిపల్ కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. ఆర్వో నీళ్ళు కావాలి. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మన ఇళ్ళలో ఉండే ఆర్వో మిషన్లు చాలావాటిలో రుచి కోసం కొంచెం మామూలు నీటిని తిరిగి కలిపే ఏర్పాటు ఉంటుంది, లేదా ఖనిజాలు కలిపే గొట్టం ఉంటుంది. అది మనకు మంచిదే, తొట్టికి కాదు. టెక్నీషియన్‌కు చెప్పి, ఆ గొట్టం కంటే ముందే నీళ్ళు పట్టుకునే వీలు పెట్టించుకోండి. మీటరు ఎంత సున్నాకు దగ్గరగా చూపిస్తే అంత మంచిది.

"తూపిలిపాలెం పోయి రెండు క్యాన్లు సముద్రపు నీళ్ళే తెచ్చుకోవచ్చు కదా" అని కూడా అడుగుతారు. ఒడ్డు దగ్గరి నీటిలో బురద, కాలువల మురికి, కంటికి కనపడని ప్రాణులు కలిసి ఉంటాయి. క్యాన్‌లో మూతపెట్టి తెచ్చేసరికి ఆ ప్రాణులు చచ్చి నీరు కుళ్ళడం మొదలవుతుంది. వానాకాలంలో ఏరులూ కాలువలూ వచ్చి కలిస్తే ఉప్పు శాతం కూడా పడిపోతుంది. కొత్తవాళ్ళకు ఆ దారి వద్దు.

ఇక తొట్టి. చిన్నదైతే సులభం అనుకుంటాం. ఇక్కడ అది తిరగబడుతుంది. నీళ్ళు తక్కువైతే ఎండకు త్వరగా వేడెక్కుతాయి, ఒక చేప చచ్చినా త్వరగా పాడవుతాయి. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టికి 127 లీటర్ల కొలత వస్తుంది. రాళ్ళు పోను వంద లీటర్లకు పైగా నీళ్ళు పడతాయి. మొదటి తొట్టికి అది సరిపోతుంది. నీళ్ళు, రాళ్ళు, అద్దం, అన్నీ కలిపి నూట యాభై కిలోలు దాటుతుంది కాబట్టి టీవీ స్టాండు మీద పెట్టకండి. కిటికీ ఎండ పడని గోడ పక్కన, గట్టి ఇనుప స్టాండు మీద ఉండాలి. ప్లగ్ బోర్డు నీళ్ళ మట్టం కంటే ఎత్తున ఉండాలి. వైరు ముందు కిందికి వేలాడి తర్వాత ప్లగ్గుకు ఎక్కాలి. ఉప్పునీటి చుక్క వైరు వెంట జారినా కింది వంపు దగ్గరే రాలిపోతుంది.

ఇప్పుడు నేను ముఖ్యం అనుకునే సంగతికి వస్తాను. తొట్టి నింపి, ఉప్పు కలిపి, పంపు వేసిన తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు అందులో ఒక్క చేపను కూడా వేయకూడదు.

మా అత్త రోజూ వచ్చి తొట్టి ముందు నిలబడేది. "ఏమ్మా, నెల దినాలుగా నీళ్ళే చూస్తా ఉండాం, చేపలేవి?" అనేది. ఆమెకు నేను పెరుగు సంగతి చెప్పాను. పాలలో తోడు వేసి, పదినిమిషాలకొకసారి గిన్నె కదుపుతూ ఉంటే పెరుగు తోడుకుంటుందా? తొట్టిలో కూడా అలాంటి సూక్ష్మజీవులే పెరగాలి. చేప విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం వచ్చి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొద్దిపాటిగా ఉంటే చేప తట్టుకుంటుంది. ఈ రెండు రకాలూ రాళ్ళ సందుల్లో, ఇసుకలో కాపురం పెట్టాలి. వాటికి తిండి కావాలి కాబట్టి చిటికెడు చేపల మేతో, ఒక పచ్చి రొయ్య ముక్కో వేసి వదిలేస్తాం. తోడు కోసం సీసాల్లో బ్యాక్టీరియా అమ్ముతారు. బాగా నడుస్తున్న, రోగాలు లేని తొట్టి ఉన్న స్నేహితులుంటే వాళ్ళ తొట్టిలోంచి ఒక రాయి అడగండి. అంతకంటే మంచి తోడు లేదు.

టెస్ట్ కిట్‌లో మొదట అమ్మోనియా పెరుగుతుంది, తర్వాత నైట్రైట్ పెరుగుతుంది. ఆ రెండూ సున్నాకు దిగి, నైట్రేట్ కనిపించిన రోజున తొట్టి సిద్ధమైనట్టు. మధ్యలో గోధుమరంగు నాచు అద్దమంతా పట్టి టెన్షన్ పెడుతుంది. అది కొత్త తొట్టిలో వచ్చేదే, కొన్ని వారాల్లో తగ్గుతుంది.

రాళ్ళ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. సముద్రం నుంచి తెచ్చిన పగడపు రాళ్ళు కావాలా అని ఎవరైనా అడిగితే వద్దనండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 2001లో గట్టి పగడాలను, సముద్రపు గుర్రాలను మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. పులి ఉన్న షెడ్యూల్ అదే. అంగడిలో అమ్ముతున్నారు కదా అని కొంటే, అమ్మినవాళ్ళతో పాటు కొన్నవాళ్ళూ నేరం చేసినట్టే. చట్టం సంగతి అలా ఉంచినా, మన్నార్ సింధుశాఖలో ఒక పగడపు దిబ్బ పెరగడానికి ఎన్ని తరాలు పడుతుందో తలుచుకుంటే దాన్ని పగలగొట్టి డ్రాయింగ్ రూములో పెట్టుకోవాలని నాకు అనిపించదు. సూక్ష్మ రంధ్రాలున్న సిరామిక్ రాళ్ళు దొరుకుతాయి. బ్యాక్టీరియాకు ఆ ఇల్లు చాలు.

ఇక మన ఎండ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ రోజుల్లో తొట్టి నీళ్ళు 25, 26 డిగ్రీల దగ్గర నిలవాలి. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గిపోతుంది, ఉప్పునీటిలో అది అసలే తక్కువ. నీటి మీదికి గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెడితే రెండు, మూడు డిగ్రీలు దిగుతుంది. మన వేసవి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెన్నైలో కంటే ఇక్కడ ఫ్యాను బాగా పనిచేస్తుంది. మే నెలలో అదీ చాలకపోతే నీటిని చల్లబరిచే మిషను, చిల్లర్ కావాలి, లేదా ఏసీ ఉన్న గదిలో తొట్టి పెట్టాలి. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో తప్పక ఉండాలి.

ఫ్యాను వల్ల నీరు ఆవిరవుతుంది. నా మొదటి వేసవిలో రోజుకు లీటరుకు పైగా తగ్గేది. తగ్గిన నీటికి బదులు నేను ఉప్పు కలిపిన నీళ్ళే పోస్తూ వచ్చాను. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుందన్న సంగతి నాకు తట్టలేదు. రెండు వారాలకు చేపలు మేత మానేశాయి. నీటిలో ఉప్పు ఎంతుందో చూపే రిఫ్రాక్టోమీటరులో చూస్తే 1.025 ఉండాల్సిన సాంద్రత 1.032 చూపించింది. ఒక రొయ్య, ఒక చేప చనిపోయాయి. మా పాప వాటిని పెరట్లో మల్లె చెట్టు కింద పాతిపెట్టింది. ఆ రోజు నుంచి తొట్టి అద్దం మీద నీటి మట్టానికి ఒక గీత గీసి పెట్టుకున్నాను. రోజూ పొద్దున ఆ గీత దాకా వట్టి ఆర్వో నీళ్ళు పోస్తాను. ఉప్పునీళ్ళు పోసేది వారానికొకసారి పది లీటర్లు తీసి మార్చేటప్పుడు మాత్రమే. ఆ నీళ్ళను ముందు రోజే బకెట్‌లో కలిపి, చిన్న పంపు వేసి తిప్పుతూ ఉంచుతాను.

చేపల విషయానికి వస్తే, వంద లీటర్ల తొట్టికి మొదట ఒక జత క్లౌన్ చేపలు చాలు. నారింజ రంగు ఒంటి మీద తెల్లటి పట్టీలుంటాయి. హేచరీలో, అంటే చేప పిల్లలను పుట్టించి పెంచే చోట, పుట్టినవే అడగండి. తమిళనాడులోని మండపంలో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాఖ వీటి పిల్లలను పెంచే పద్ధతిని రూపొందించింది. హేచరీ పిల్లలు పొడి మేతకు అలవాటుపడి ఉంటాయి, వాటి కోసం పగడపు దిబ్బల్లో ఎవరూ వల వేయక్కర్లేదు. ఇంకో వింత, ఈ జాతిలో ముందు అన్నీ మగవే. జతలో పెద్దది ఆడగా మారుతుంది. రెండు చిన్నవి తెచ్చి వదిలితే మిగతాది అవే తేల్చుకుంటాయి. నీలంగా మెరిసే బ్లూ టాంగ్ అందంగా ఉంటుంది గానీ అడుగు దాకా పెరిగే చేప, దీన్ని ఈ తొట్టిలో పెట్టడం అన్యాయం. మాండరిన్ చేప చాలావరకు బతికున్న చిన్నచిన్న ప్రాణులనే తింటుంది, కొత్త తొట్టిలో ఆకలితో చస్తుంది.

అంగడి నుంచి చేపను తెచ్చిన కవరును ఇరవై నిమిషాలు తొట్టిలో తేలనిచ్చి, తర్వాత కొంచెం కొంచెంగా మన నీళ్ళు అందులో పోసి, చేపను మాత్రమే వలతో తీసి వదలండి. అంగడి నీళ్ళు తొట్టిలో పోయకండి.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళు ఎండాకాలంలో కాకుండా, కార్తీక మాసంలో తొట్టి నింపండి. రాత్రుళ్ళు చల్లబడతాయి కాబట్టి చిన్న హీటరు ఒకటి పెట్టుకోండి. మార్గశిరం అంతా నీళ్ళే చూస్తూ కూర్చోవాలి. సంక్రాంతి ముగ్గులు వేసే నాటికి మీ తొట్టిలో మొదటి జత ఈదుతూ ఉంటుంది.

సెలవు.