సముద్రపు ఉప్పు రోజుకు ఎంత?

శ్రోతలకు నమస్కారం.

ఆహారంతోనే ఆరోగ్యం బాగుచేసుకోవాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: రోజుకు ఎంత సముద్రపు ఉప్పు తీసుకోవాలి? అది మందులాంటిదనీ, మోతాదు తెలిస్తే చాలనీ ఒక నమ్మకం ఆ ప్రశ్నలోనే దాగి ఉంది. అందుకే జవాబు ముందే చెప్పేస్తాను. ఆరోగ్యం కోసం ప్రత్యేకంగా కలుపుకోవలసిన సముద్రపు ఉప్పు ఏమీ లేదు. దాటకూడని హద్దు మాత్రం ఉంది. పెద్దవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు రోజుకు 5 గ్రాముల లోపు. సముద్రపు ఉప్పయినా, మెత్తని ఉప్పయినా, గనిలో తవ్విన గులాబీ రంగు ఉప్పయినా ఆ 5 గ్రాముల లెక్కలోకే వస్తుంది. వంటలో వేసింది, పైన చల్లుకున్నది, కొని తెచ్చుకున్న చిరుతిళ్లలో ముందే ఉన్నది, అన్నీ కలిపి. అసలు గనుల్లోని ఉప్పు కూడా ఎప్పుడో ఎండిపోయిన సముద్రాలు వదిలి వెళ్లినదే.

మరి సముద్రపు ఉప్పులో ఖనిజాలు ఉంటాయంటారు కదా? ఉంటాయి. ఎంత ఉంటాయో చూద్దాం. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. మడుల్లో ఆ నీరు ఎండకు ఇంకుతున్నకొద్దీ ముందుగా కాల్షియం లవణాలు అడుగుకు చేరతాయి. తరువాత సోడియం క్లోరైడు గళ్లు కడుతుంది. మెగ్నీషియం, పొటాషియం చాలావరకు చివర మిగిలే చేదు నీటిలోనే ఉండిపోతాయి, ఆ నీటిని బయటికి వదిలేస్తారు. గళ్ల ఉప్పు కొంచెం అరచేతిలోకి తీసుకుని చూడండి. కాస్త బూడిద రంగు, వేళ్లకు అంటుకునే తడి. ఆ తడి చాలావరకు గళ్లకు అంటుకుని మిగిలిన మెగ్నీషియం లవణం పని. గాలిలోని తేమను అది లాగేస్తుంది. అంటే మెగ్నీషియం ఉన్నమాట నిజమే. ఉదారంగా లెక్కకట్టి నూటికి అర వంతు ఉందనుకుందాం. 5 గ్రాముల ఉప్పులో వచ్చేది 25 మిల్లీగ్రాములు. శరీరానికి రోజుకు కావలసింది 300 నుంచి 400 మిల్లీగ్రాములు. ఉప్పుతోనే ఆ లోటు తీర్చాలంటే రోజుకు 60 గ్రాములకు పైగా తినాలి! ఒక గుప్పెడు బాదం పప్పుల్లో ఆ 25 మిల్లీగ్రాములకు రెండు మూడు రెట్లు దొరుకుతుంది, రక్తపోటు బాధ లేకుండా.

అయోడిన్ సంగతి ఇంకా ముఖ్యం. సముద్రం నుంచి వచ్చింది కాబట్టి అయోడిన్ సహజంగానే ఉంటుందని చాలామంది అనుకుంటారు. సముద్రపు నీటిలోనే అది అతి స్వల్పం, ఉప్పు గళ్లలోకి చేరేది మరీ తక్కువ. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు 250 కావాలి. అయోడిన్ లోపంతో మెడ ముందు భాగం ఉబ్బే గాయిటర్ వ్యాధిని అరికట్టడానికి స్విట్జర్లాండులో 1922లో, అమెరికాలో 1924లో ఉప్పుకు అయోడిన్ కలపడం మొదలుపెట్టారు. పుట్టబోయే బిడ్డ మెదడు ఎదుగుదలకు కూడా ఇది అవసరం. ఆరోగ్యం పేరు చెప్పి అయోడిన్ కలిపిన ఉప్పు మానేసి, కలపని సముద్రపు ఉప్పుకు మారడం నా దృష్టిలో నష్టపు బేరం. సముద్రపు ఉప్పే ఇష్టమైతే అయోడిన్ కలిపినది కొనండి. పొట్లం మీద రాసి ఉంటుంది.

ఇక కొలత. మెత్తని ఉప్పు ఒక టీ చెంచా తలకొట్టి తీసుకుంటే దాదాపు 6 గ్రాములు. గళ్ల ఉప్పు అదే చెంచాలో తక్కువ బరువు తూగుతుంది, గళ్ల మధ్య గాలి ఉంటుంది కనుక. పొరలు పొరలుగా ఉండే ఉప్పయితే ఇంకా తక్కువ. సముద్రపు ఉప్పులో సోడియం తక్కువనే ప్రచారం చాలావరకు ఈ చెంచా మాయే. తూకం వేసి చూస్తే తేడా నామమాత్రం. అందుకే ఇంట్లో ఉప్పును చెంచాలతో కాక నెలతో కొలవమంటాను. నెల మొదట్లో ఉప్పు డబ్బా తూచి రాసుకోండి, నెలాఖరున మళ్లీ తూచండి. నలుగురున్న ఇంట్లో 30 రోజుల్లో 600 గ్రాములు ఖర్చయితే మనిషికి రోజుకు 5 గ్రాములన్నమాట. అప్పటికే హద్దు నిండిపోయింది, బయట తిన్నది ఇందులో చేరనేలేదు. ప్రపంచవ్యాప్త సగటు వాడకం 10.8 గ్రాములని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది.

బయటి తిండి లెక్క పట్టడానికి ఒక చిన్న కిటుకు ఉంది. పొట్లం వెనుక సాధారణంగా ఉప్పు అని కాక సోడియం అని మిల్లీగ్రాముల్లో రాస్తారు. ఆ అంకెను రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు వస్తుంది. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. బ్రెడ్డు, చీజు, సాసులు, పొట్లాల్లోని నూడుల్స్ నాలుకకు మరీ ఉప్పగా అనిపించవు. అంకెలు చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

పొద్దున్నే పరగడుపున సముద్రపు ఉప్పు కలిపిన నీళ్లు తాగితే ఒంట్లోని విషాలు పోతాయని ఒక మాట వినబడుతుంది. రక్తాన్ని వడగట్టే పని మూత్రపిండాలది. వాటికి ఉప్పునీరు సాయం చేయదు, అదనపు పని పెడుతుంది. అర చెంచా కలిపితే 3 గ్రాములు, పలహారానికి ముందే రోజు వాటాలో సగానికి పైగా అయిపోయినట్టే. కడుపు కడగడానికని లీటరు నీళ్లలో రెండు చెంచాలు వేసుకునేవారూ ఉన్నారు. అది 12 గ్రాములు. విరేచనాలు కావడం శుద్ధికి గుర్తు కాదు, అంత ఉప్పు పేగుల్లోకి నీటిని లాగడం వల్ల అలా అవుతుంది. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారికి ఇది ప్రమాదం.

ఉప్పు నిజంగా మందుగా పనిచేసే చోటు ఒకటుంది. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిపోయినప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగిస్తారు. పేగు గోడలో గ్లూకోజు, సోడియం జంటగా లోపలికి వెళతాయి, వాటి వెంట నీరు వెళుతుంది. ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన చికిత్స ఇది. అక్కడ కూడా ఉప్పు సముద్రపుదా కాదా అన్నది ఎవరూ అడగరు, కొలత తప్పకూడదంటారు. ఉప్పు ఎక్కువైతే అదే నీరు హాని చేస్తుంది. దొరికితే ఓఆర్ఎస్ పొట్లం వాడటమే మేలు.

హద్దు ఉంది కదా అని ఉప్పు పూర్తిగా మానేయకండి. మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు వాడే వృద్ధుల్లో సోడియం పడిపోయి నీరసం, తికమక రావచ్చు. గంటల తరబడి ఎండలో చెమటోడ్చి పనిచేసేవారి అవసరం వేరు. ఇలాంటివారు తమ మోతాదును వైద్యుడితో మాట్లాడి తెలుసుకోవాలి.

తగ్గించదలచుకున్నవారు ఒక్కసారిగా కాక వారం వారం కాస్త కాస్త తగ్గించండి. కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది, ఆ తరువాత పాత ఉప్పే ఎక్కువనిపిస్తుంది. పులుపు, మిరియాలు, వెల్లుల్లి ఆ లోటు చాలావరకు కప్పేస్తాయి. సోడియంలో కొంత తీసి పొటాషియం చేర్చిన ఉప్పులు కూడా వస్తున్నాయి. చైనాలో 600 గ్రామాల్లో సుమారు 21,000 మందిపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. అలాంటి ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది. ఖరీదైన సముద్రపు ఉప్పుకన్నా దీని గురించే నేను ఎక్కువ మాట్లాడతాను. అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రక్తంలో పొటాషియం పెంచే బీపీ మందులు వాడేవారు వైద్యుడిని అడగకుండా దాని జోలికి వెళ్లవద్దు.

నమస్కారం.