హైదరాబాద్ పేరున్న స్పిట్‌ఫైర్: స్కేల్ మోడల్‌కు తుది మెరుగులు

సభకు నమస్కారం.

విమానపు ప్లాస్టిక్ కిట్ భాగాలు అతికించి, రంగు వేసి, డెకాల్స్ (గుర్తుల స్టిక్కర్లు) అంటించాక మోడల్ పూర్తయినట్లే కనిపిస్తుంది. మసి ఎక్కడ పట్టాలి, రంగు ఎక్కడ లేచిపోవాలి, ఏ తీగ ఉండాలి, ఏది ఉండకూడదు అనే నిర్ణయాలు మాత్రం అప్పుడే మొదలవుతాయి. వాటి గురించి మాట్లాడడానికి నేను ఒకే విమానాన్ని ఎంచుకున్నాను. 1940 వేసవిలో ఇంగ్లండ్ దక్షిణ తీరం దగ్గరి వార్మ్‌వెల్ నుంచి ఎగిరిన 152వ స్క్వాడ్రన్ యుద్ధ విమానం, స్పిట్‌ఫైర్ మార్క్ 1 (మొదటి రకం) అది. బ్రిటిష్ వైమానిక దళంలో ఈ స్క్వాడ్రన్‌కు అధికారికంగానే ‘హైదరాబాద్’ అన్న పేరు ఉండేది. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా ఆ పేరు పెట్టారు. స్క్వాడ్రన్ చిహ్నంలో ఉన్నది కూడా నిజాం తలపాగాయే. అందుకే మన దగ్గరి మోడలర్లకు దీని మీద కాస్త మక్కువ ఎక్కువ.

నేను చెప్పదలచింది ఇది: మోడల్ మీద మనం పెట్టే ప్రతి మరకకూ అసలు విమానంలో ఒక కారణం ఉండి తీరాలి. ఆ కారణం చెప్పలేకపోతే కుంచె కింద పెట్టేయడం మేలు.

ముందుగా తుపాకులు చూద్దాం. మార్క్ 1 రెక్కల్లో ఎనిమిది .303 బ్రౌనింగ్ మెషిన్ గన్‌లు ఉండేవి. దుమ్ము, తేమ లోపలికి పోకుండా, పైయెత్తున చలికి గడ్డకట్టకుండా వాటి రంధ్రాల మీద ఎర్రటి గుడ్డముక్కలు అంటించేవారు. మొదటి తూటాలే ఆ గుడ్డను చీల్చుకుని బయటికి పోయేవి. కాబట్టి గుడ్డముక్కలు నిగనిగలాడుతూ ఉన్న రెక్క కాల్పులకు సిద్ధంగా ఉన్న రెక్క; గుడ్డ చిరిగి, రంధ్రాల వెనుక, ముఖ్యంగా రెక్క అడుగున, మసి చారలు సాగిన రెక్క ఇప్పుడే యుద్ధం చేసి దిగినది. ఒకే మోడల్ మీద కొత్త గుడ్డలూ, ముదురు మసీ రెండూ చూపిస్తే, అది అప్పుడే మళ్లీ తూటాలు నింపుకున్న విమానమని మనం చెప్పగలగాలి. అలా చెప్పదలచుకుంటే తుపాకుల మూతల చుట్టూ మెకానిక్‌ల చేతి జిడ్డు, స్క్రూడ్రైవర్ గీతలు కూడా కనిపించాలి కదా.

రంగు లేచిపోవడం విషయంలో మనవాళ్లు చాలామంది అతి చేస్తారు. వెండి రంగులో ముంచిన స్పాంజి చేతిలో ఉంటే ఆగడం కష్టమే, ఒప్పుకుంటాను. కానీ స్పిట్‌ఫైర్ పైలట్ ఎడమవైపు చిన్న తలుపు గుండా కాక్‌పిట్‌లోకి దిగేవాడు కనుక అరుగుదల ఎడమ రెక్క మొదట్లో ఎక్కువగా, కుడివైపు తక్కువగా ఉండాలి. రెండు వైపులా సమానంగా అరిగించిన మోడల్‌లో పైలట్ ఎటు నుంచి ఎక్కాడో తెలియదు. ఇంకా ముఖ్యమైన సంగతి, ఈ విమానం చుక్కానికీ, తోక మీది ఎలివేటర్లకూ (ముక్కును పైకీ కిందికీ తిప్పే పలకలకూ) తొడుగు గుడ్డే. అక్కడ రంగు ఎంత చెరిగినా తళతళలాడే లోహం బయటపడదు. ప్రొపెల్లర్ దగ్గరా ఇదే జాగ్రత్త అవసరం: డి హావిలాండ్ కంపెనీ లోహపు రెక్కల అంచున వెండి గీత పెట్టవచ్చు, చెక్కతో చేసిన రెక్కలకు అది కుదరదు. వాటి చివర నాలుగు అంగుళాల పసుపు రంగు అసలులో 48వ వంతుండే మన 1/48 మోడల్‌లో రెండు మిల్లీమీటర్లకు కాస్త పైన వస్తుంది. చాలా మోడళ్లలో అది ఇంతకు రెట్టింపు ఉంటుంది.

స్కేలు సంగతి వచ్చింది కాబట్టి తీగల గురించి చెబుతాను. తల వెంట్రుక మందం సుమారు 0.07 మిల్లీమీటర్లు అనుకుంటే, 48 రెట్లు పెంచినప్పుడు అది మూడు మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే యాంటెనాకు కుట్టు దారం వాడితే విమానానికి మోకు కట్టినట్లే. స్ప్రూ (కిట్ భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ కాడ) ముక్కను కొవ్వొత్తి సెగ మీద తిప్పుతూ, మెత్తబడగానే మంటకు దూరంగా తీసి రెండు చేతులతో లాగితే వెంట్రుక కన్నా సన్నని పోగు వస్తుంది. అయితే ముందు తేదీ చూసుకోవాలి. పాత హెచ్ఎఫ్ (హై ఫ్రీక్వెన్సీ) రేడియో ఉన్నంతకాలం కాక్‌పిట్ వెనుక స్తంభం నుంచి చుక్కాని పైకి తీగ ఉండేది. వీహెచ్ఎఫ్ (వెరీ హై ఫ్రీక్వెన్సీ) రేడియో వచ్చాక ఆ తీగతో పని లేకుండా పోయింది. ఆ తరువాత శత్రుమిత్ర గుర్తింపు పరికరం కోసం విమానం ఇరుపక్కల నుంచి తోక రెక్కల కొసల దాకా తీగలు వచ్చాయి. ఏ నెల విమానమో తేల్చుకోకుండా మూడూ బిగించకూడదు.

ప్యానెల్ గీతల్లో (రేకుల అతుకుల్లో) వాష్, అంటే పలచటి ముదురు రంగు, వేయడం మన సంప్రదాయంగా మారింది. అసలు రేకుల మధ్య ఒక మిల్లీమీటరు సందు మన స్కేలులో 0.02 మిల్లీమీటర్లు, అంటే కంటికి ఆనదు. కాబట్టి అది ఎలాగూ అతిశయోక్తే. కనీసం నలుపు మాని ముదురు గోధుమ రంగు వాడి, ఇంజిన్ మూతల దగ్గర కాస్త ముదరనిచ్చి, మిగతాచోట్ల దాదాపు తుడిచేయండి. ఆక్రిలిక్ రంగు మీద గ్లాస్ (మెరిసే) వార్నిష్ ఆరాక, ఎనామెల్ వాష్‌ను కుంచె మొనతో గీతకు తాకిస్తే చాలు, అదే పాకుతుంది. తుడిచేటప్పుడు గాలి వీచే దిశలోనే, ముక్కు నుంచి తోక వైపు తుడవాలి.

మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ పడ్డాకే పొగ పని. స్పిట్‌ఫైర్‌లోని మెర్లిన్ ఇంజిన్‌కు పక్కకు ఆరు సిలిండర్లు. మార్క్ 1లో రెండేసి సిలిండర్లకు ఒకటి చొప్పున పక్కకు మూడు పొగగొట్టాలు. పాస్టెల్ సుద్దను గరుకు కాగితం మీద అరగదీసి, ఆ పొడిని మెత్తటి కుంచెతో గొట్టాల వెనుక నుంచి రెక్క మొదలు మీదుగా లాగండి. గొట్టం దగ్గర ముదురుగా, దూరంగా పోయేకొద్దీ బూడిద కలిసిన గోధుమ రంగులోకి పలచబడాలి.

ఫ్లాప్‌ల (దిగేటప్పుడు రెక్కల వెనుక అంచున కిందికి దించే పలకల) గురించి ఒక్క మాట. కిట్‌లో దించిన ఫ్లాప్‌లు ఇచ్చారని వాటిని వాడేయకండి. నేల మీద నిలిపిన స్పిట్‌ఫైర్ల ఫొటోల్లో ఫ్లాప్‌లు దించి ఉండడం అరుదు. దిగగానే పైలట్ వాటిని ఎత్తేసేవాడు.

ఇదే హైదరాబాద్ స్క్వాడ్రన్‌ను బర్మాలో చేయాలనుకుంటే ఇప్పటివరకు చెప్పిన వాటిలో చాలా భాగం మారుతుంది. అక్కడ వారు నడిపినది మార్క్ 8. ప్రొపెల్లర్‌కు నాలుగు రెక్కలు, పొగగొట్టాలు పక్కకు ఆరు, మెషిన్ గన్‌లతో పాటు 20 మిల్లీమీటర్ల ఫిరంగులు, లోపలికి ముడుచుకునే తోకచక్రం. జపాన్ గుర్తుతో పొరపాటు పడకుండా గుండ్రటి గుర్తుల్లోంచి ఎరుపు తీసేసి రెండు నీలాలు మిగిల్చారు. విమానం పక్కన దూకుతున్న నల్ల చిరుతను చిత్రించారు. వార్మ్‌వెల్ గడ్డి మైదానపు తడిమట్టి రంగు ఈ చక్రాలకు పనికిరాదు. డెకాల్ షీటు కొనే ముందు ఈ రెండు విమానాల్లో ఏది చేస్తున్నారో నిర్ణయించుకోండి.