చెక్క నేల కింద టిక్కు టిక్కు

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లండులో మేం కొనుక్కున్న ఇంటికి వందేళ్లు దాటాయి. తొలి చలికాలంలో తెల్లవారుజామున, నీళ్లు కాచి ఇంటిని వెచ్చబెట్టే బాయిలర్ వెలగగానే పడకగది నేల కింద టిక్కు... టిక్కు... అని మొదలయ్యేది. ఊరి నుంచి వచ్చిన మా అమ్మ "బల్లి పలుకుతోందిరా, ఏ దిక్కునో చూడు" అంది. చంటిపిల్ల రోజూ ఆ చప్పుడుకే లేచి ఏడ్చేది.

బల్లీ కాదు, ఎలుకా కాదు. రాగి గొట్టం. అక్కడి పాత ఇళ్లలో నేలంటే వరసగా దూలాలు, వాటి మీద మేకులు కొట్టిన పలకలు. గదుల్లో వెచ్చదనమిచ్చే రేడియేటర్లకు వేడినీళ్లు మోసే గొట్టాలను చాలాచోట్ల దూలం పైఅంచున గాడి కోసి అందులో పరుస్తారు. పది మీటర్ల రాగి గొట్టం 15 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు వేడెక్కితే 8 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. మన కమ్మరి బండిచక్రానికి ఇనుప పట్టా కాల్చి ఎక్కించేది ఈ గుణాన్ని నమ్ముకునే. గాడి ఇరుకైతే సాగే గొట్టాన్ని చెక్క పట్టి ఆపుతుంది. ఒత్తిడి పెరిగాక గొట్టం ఉన్నట్టుండి జారుతుంది. మనకు వినిపించేది ఆ జారుడే. బాయిలర్ ఆగాక గొట్టం కుంచించుకుపోతూ మళ్లీ అదే చప్పుడు.

మొదట నేను క్లిప్పులు తెచ్చి గొట్టాన్ని గట్టిగా బిగించాను. చప్పుడు ఇంకా పెరిగింది. దానికి కావలసింది బిగింపు కాదు, కదలడానికి చోటు.

చల్లగా ఉన్న బాయిలర్‌ను ఒకరు వెలిగిస్తే, ఇంకొకరు పలకల మీద అరచెయ్యి ఆనించి వింటూ పోవాలి. చప్పుడు వచ్చే చోటు దొరికాక బాయిలర్ ఆపి చల్లారనివ్వండి. కరెంటు మెయిన్ కూడా కట్టేయండి, పలకల కింద వైర్లూ ఉంటాయి. గాడిని పక్కలకు కాస్త వెడల్పు చేసి, గొట్టం కింద ఫెల్టు, అంటే మెత్తటి దళసరి గుడ్డ, ముక్క పరవండి. లోతు మాత్రం పెంచొద్దు. దూలం ఎత్తులో ఎనిమిదో వంతుకు మించి గాడి పడకూడదని అక్కడి నియమం. పలకను తిరిగి మేకులతో కాకుండా స్క్రూలతో బిగించండి, అదీ గొట్టం ఎక్కడుందో పైన పెన్సిలుతో గీసుకున్నాకే.

పలక లేపలేనివాళ్లు, ఇంట్లో వేడినీళ్ల సిలిండర్ లేని కాంబీ బాయిలర్ ఉంటే, రేడియేటర్లకు వెళ్లే నీటి వేడిని 60 డిగ్రీలకు తగ్గించి చూడొచ్చు. గొట్టం తక్కువ సాగుతుంది, గ్యాసూ ఆదా. బాయిలరే లోపల గుడగుడమంటుంటే మాత్రం దాని మూత మీరు తీయకండి. గ్యాస్ పని చేయడానికి అనుమతి ఉన్నవాళ్ల అక్కడి జాబితా, గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్న మనిషినే పిలవండి.

మా ఇంట్లో దొంగ దూలాల దగ్గర లేదు. రేడియేటర్ కోసం గొట్టం పలకను చీల్చుకుని పైకొచ్చే రంధ్రంలో ఉంది. చాలామంది అక్కడ చూడరు. దాన్ని ఆకురాయితో కొద్దిగా పెద్దది చేసి, ప్లాస్టిక్ కాలరు తొడిగాను. అరగంట పని. మర్నాడు పాప ఏడు దాకా పడుకుంది.


నమస్కారం.