మీరు కూర్చోండి, నేను చేస్తాను

మా నాన్నకి చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఈ మధ్య నాలుగు నిమిషాలు పడుతోంది. అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, ఆ రోజు ఆయన్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి, అప్పటికే లేటయింది, నేను తాళాలు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి గడియారం చూస్తున్నాను. పై గుండీ ఎలాగో అయింది. రెండోది కాజా దాకా వచ్చి వేళ్ల సందులోంచి జారిపోయింది, మళ్లీ పట్టుకున్నారు, మళ్లీ జారింది. నేను వెళ్లి "ఉండండి నాన్నా, నేను పెడతాను" అని టకటకా అన్నీ పెట్టేశాను. పది సెకన్ల పని. ఆయన చేతులు రెండూ కిందికి దించేసి కిటికీ వైపు చూస్తూ నిలబడ్డారు.

మర్నాడు పొద్దున ఆయన గుండీల జోలికే వెళ్లలేదు. చొక్కా తొడుక్కుని వచ్చి నా ముందు నిలబడ్డారు, అంతే.

ఇవాళ వీడియో దీని గురించే. పెద్దవాళ్లు అనగానే అందరూ బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పులు మాట్లాడతారు, అవి ఎలాగూ డాక్టర్లు చూసుకుంటారు. నేను మాట్లాడాలనుకుంటున్నది "మీరు కూర్చోండి, నేను చేస్తాను" అనే మాట గురించి. ప్రేమతోనే అంటాం, కాదనను. సగంసార్లు తొందరలో అంటాం, దానికి ప్రేమ అని పేరు పెట్టుకుంటాం. నా సంగతి అయితే అదే.

కండ వాడకపోతే తగ్గుతుందని అందరికీ తెలుసు. పెద్దవయసులో ఎంత స్పీడుగా తగ్గుతుందో మాత్రం చాలామందికి ఐడియా లేదు. 2007లో జామా అనే వైద్య పత్రికలో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. చెప్పుకోదగ్గ జబ్బులేవీ లేని, సగటున 67 ఏళ్ల వయసున్న వాళ్లని పదిరోజులు మంచం మీదే ఉంచారు. ఆ పదిరోజుల్లోనే వాళ్ల కాళ్లలో దాదాపు కిలో కండ పోయింది. అందుకే ఆస్పత్రిలో వారం ఉండి ఇంటికొచ్చాక "జబ్బు తగ్గింది గానీ మనిషి లేవలేకపోతున్నాడు" అనే మాట వింటుంటాం. ఇక మంచం మీద కాకపోయినా, నీళ్లు మనమే తెచ్చిచ్చి, ఫోన్ మనమే అందించి, తలుపు మనమే తీస్తే ఆ మనిషి రోజులో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేస్తాడు? ఒకరోజు మీ ఇంట్లో లెక్కపెట్టి చూడండి.

రెండోవైపు కూడా చెప్తాను, లేకపోతే ఈ వీడియో టెన్షన్ పెట్టడానికే అన్నట్టుంటుంది. అదే పత్రికలో 1990లో వచ్చిన ఇంకో అధ్యయనం, మరియా ఫియాటరోన్ అనే డాక్టర్, ఆమె బృందం చేసింది. వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉంటున్న, బాగా బలహీనంగా ఉన్న పదిమంది, సగటు వయసు 90. తొంభై అండీ! వాళ్లతో ఎనిమిది వారాలు కాళ్లకి బరువులు పెట్టి వ్యాయామం చేయించారు, అదీ మెల్లమెల్లగా ఊపే రకం కాదు, గట్టి వ్యాయామమే, పక్కన మనుషులు ఉండి చేయించారు. చివరిదాకా చేసిన తొమ్మిదిమందికి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. "ఈ వయసులో ఇంకేం ఎక్సర్‌సైజులు" అనేవాళ్లకి నేను ఎప్పుడూ చెప్పేది ఇదే. కానీ రేపే వెళ్లి మీ అమ్మమ్మ కాళ్లకి బరువులు కట్టకండి, డాక్టర్‌నో ఫిజియోథెరపిస్ట్‌నో అడిగి మొదలుపెట్టండి. ఇంట్లో అయితే చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, అది చాలు మొదటికి. 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మాదిరి శ్రమ చేయాలని, మూడు రోజులైనా బలానికీ బ్యాలెన్స్‌కీ పనికొచ్చేవి చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది.

శరీరం సంగతి అది. మనసు సంగతి ఇంకా చిత్రం. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అని ఇద్దరు సైకాలజిస్టులు ఒక వృద్ధుల కేంద్రంలో ఒక పని చేశారు. ఒక అంతస్తులో ఉన్నవాళ్లకి మీ గది మీ ఇష్టం, ఎలా సర్దుకోవాలో మీరే చూసుకోండి, ఇదిగో ఒక మొక్క, నచ్చినది తీసుకుని మీరే పెంచుకోండి అన్నారు. ఇంకో అంతస్తులో వాళ్లకీ మొక్కలిచ్చారు, కానీ నర్సులే నీళ్లు పోస్తారు, మిమ్మల్ని బాగా చూసుకోవడం మా బాధ్యత అన్నారు. కొన్ని వారాలకే మొదటి గుంపు ఎక్కువ హుషారుగా, ఎక్కువ కలివిడిగా ఉన్నారని తేలింది. మొక్క పెంచుకున్నవాళ్లు ఎక్కువ కాలం బతికారని కూడా ఇంటర్‌నెట్‌లో చెప్తుంటారు, ఆ లెక్కలో పొరపాటు ఉందని పరిశోధకులే తర్వాత సవరించారు, కాబట్టి ఆ ముక్క నేను చెప్పను. హుషారు చాలు నాకు.

సరే, ఇప్పుడు మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. "చేసుకోనిస్తే పడిపోతారు, అప్పుడు ఎవరు చూస్తారు?" న్యాయమైన ప్రశ్న. ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 6,84,000 మంది కిందపడటం వల్లే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, అందులో 60 దాటినవాళ్లే ఎక్కువ. అందుకని మనిషిని కుర్చీకి అతికించేస్తే కాళ్లు ఇంకా సన్నబడి, లేచిన ఒక్కసారే పడతాడు. మార్చాల్సింది ఇంటిని.

బాత్‌రూమ్‌తో మొదలుపెట్టండి. తువ్వాలు వేసుకునే రాడ్డు తువ్వాలు బరువే మోస్తుంది, మనిషిని మోయదు, జారినప్పుడు దాన్ని పట్టుకుంటే రాడ్డూ మనిషీ కలిసి కిందికి వస్తారు. గోడలోకి గట్టిగా బిగించిన పట్టుకమ్మి కావాలి, ఒకటి కమోడ్ పక్కన, ఒకటి స్నానం చేసేచోట. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా చిన్న లైటు ఉండాలి. ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే అరవై ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుతురు దాదాపు మూడో వంతే, మనకి "బాగానే కనపడుతోంది కదా" అనిపించే గది వాళ్లకి చీకటి. మెట్ల అంచులకి రంగు టేపు అంటించండి. ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు, దూరానికీ దగ్గరకీ కలిపి ఉండే కళ్లజోడు పెట్టుకుని మెట్లు దిగితే కింది భాగంలోంచి మెట్టు మసగ్గా కనపడుతుంది, ఎందుకంటే ఆ భాగం చదువుకోవడానికి పెట్టింది. బయట నడవడానికి దూరం చూపుకి విడిగా ఒక జత చేయించుకోమని కంటి డాక్టర్లు చెప్పేది అందుకే. వదులు చెప్పులు, అంచు లేచిన చాపలు, నేలమీద వైర్లు, ఇవన్నీ మీకు తెలిసినవే.

మెత్తగా, లోతుగా ఉండే సోఫా మాత్రం పెద్దవాళ్లకి పరమ శత్రువు. చేతులున్న గట్టి కుర్చీ, కూర్చుంటే పాదాలు నేలకి పూర్తిగా ఆనేంత ఎత్తు, అది కావాలి. ఆ కుర్చీతోనే ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. కుర్చీ నుంచి మూడు మీటర్ల దూరంలో ఒక గీత పెట్టండి, లేచి, మామూలుగా నడిచి, గీత దగ్గర తిరిగి, వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, ఆపైన పడితే పడిపోయే రిస్క్ ఉన్నట్టు లెక్క, డాక్టర్‌తో మాట్లాడాలి. పక్కనే ఉండి చేయించండి. మా నాన్నకి 14 వచ్చింది, "నేను కావాలనే మెల్లగా నడిచాను" అన్నారు.

పడిపోయాక ఏం చేయాలో కూడా పడకముందే నేర్చుకోవాలి. మనం చేసే మొదటి తప్పు చంకల్లో చేతులు పెట్టి పైకి లాగేయడం. ముందు కాసేపు అలాగే ఉండనివ్వండి, ఎక్కడ నొప్పి ఉందో అడగండి. తుంటి దగ్గర బాగా నొప్పి ఉన్నా, తలకి దెబ్బ తగిలినా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా లేపకండి, అంబులెన్స్ పిలవండి. ఏమీ లేదంటే పక్కకి తిరిగి, మోచేతుల మీద లేచి, మోకాళ్ల మీద పాకుతూ ఒక గట్టి కుర్చీ దగ్గరికి రావాలి, రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి, బలమున్న కాలి పాదాన్ని ముందుగా నేలమీద ఆనించి, లేచి, తిరిగి కూర్చోవాలి. మీరు చేయాల్సిందల్లా కుర్చీ తెచ్చి పెట్టి, కదలకుండా పట్టుకోవడం.

ఇక ఆ రోజు డాక్టర్ గదిలో జరిగింది చెప్పాలి, గుండీల కంటే అది ఘోరం. డాక్టర్ "ఎలా ఉన్నారండీ, నిద్ర పడుతోందా?" అని నాన్నని అడిగారు. "పడుతోంది డాక్టర్, కాకపోతే మధ్యలో లేస్తున్నారు" అని నేను చెప్పాను. తర్వాతి ప్రశ్నకీ నేనే, ఆ తర్వాతి ప్రశ్నకీ నేనే. నాలుగో ప్రశ్నకి డాక్టర్ నన్నే చూసి అడిగారు. నాన్న గోడమీద కంటి బొమ్మ చూస్తున్నారు.

నేనెందుకు చెప్పానంటే ఆయనకి వినపడదు, ఆలస్యమవుతుంది. వినపడకపోవడం అంటే సౌండ్ తగ్గిపోవడం అనుకుంటాం, నిజానికి వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందు పోయేది సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలు. అంటే అచ్చులు బాగానే వినపడతాయి, స, ఫ, త, ట లాంటి హల్లులు జారిపోతాయి. చెట్టు, చెప్పు రెండూ ఒకేలా ఉంటాయి. మనం అరిస్తే ఏమవుతుంది? అచ్చులే ఇంకా గట్టిగా వినపడతాయి, పైగా మనం కోప్పడుతున్నట్టుంటుంది. టీవీ ఆపి, ఎదురుగా వచ్చి, మొహం మీద వెలుతురు పడేలా కూర్చుని, మామూలు గొంతుతో కాస్త నిదానంగా చెప్పాలి. అర్థం కాకపోతే అదే మాట మళ్లీ చెప్పకుండా వేరే మాటల్లో చెప్పి చూడండి. వినికిడి పరీక్ష మాత్రం వాయిదా వేయకండి. లాన్సెట్ అనే వైద్య పత్రిక కమిషన్ 2024లో డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, వచ్చే రిస్క్ పెంచేవాటిలో మనం మార్చగలిగేవి 14 చెప్పింది, వినికిడి లోపం అందులో ఒకటి.

మందుల గురించి రెండు మాటలు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్నవన్నీ, షాపులో అడిగి కొనుక్కున్న మాత్రలతో సహా, ఒక కాగితం మీద రాయండి, పెద్దవాళ్ల చేతే రాయించండి, వాళ్లే చూపించాలి. "ఏది పెంచాలి" అని అడిగినట్టే "ఇందులో ఆపగలిగేవి ఉన్నాయా" అని కూడా అడగండి. పెద్దవాళ్లకి హాని చేసే అవకాశం ఉన్న మందుల జాబితా ఒకటి ఉంది, మార్క్ బీర్స్ అనే డాక్టర్ 1991లో మొదలుపెట్టింది, ఇప్పటికీ దాన్ని సవరిస్తూనే ఉన్నారు. జలుబుకో నిద్రకో వేసుకునే కొన్ని పాతరకం అలర్జీ మాత్రలు అందులో ఉన్నాయి, వాటివల్ల మతి తప్పినట్టు అవ్వొచ్చు, మూత్రం బిగుసుకోవచ్చు, తూలి పడొచ్చు. మీ అంతట మీరు ఏదీ ఆపకండి, అడగండి అంతే. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒక్కరోజులో తికమకగా మాట్లాడుతుంటే "వయసు కదా" అనుకోకండి, ఇన్‌ఫెక్షనో మందో ఒంట్లో నీళ్లు తగ్గడమో అయ్యుండొచ్చు, ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి.

డబ్బు సంగతిలోనూ మనం ఇదే చేస్తాం. మోసం కాల్స్ వస్తున్నాయని ఫోన్ లాగేసుకుంటాం, బ్యాంకు పనులన్నీ మనమే చేసేస్తాం. "తాతయ్యా, నేను, యాక్సిడెంట్ అయింది, నాన్నకి చెప్పొద్దు, డబ్బు పంపు" అని మనవడి గొంతుతోనే కాల్ వచ్చే రోజులివి, గొంతుని అచ్చుగుద్దినట్టు కంప్యూటర్ తయారుచేస్తోంది. దానికి ఇంట్లో అందరూ కలిసి ఒక రహస్య మాట పెట్టుకోండి, ఆ మాట చెప్పలేకపోతే ఫోన్ పెట్టేసి, మనవడి అసలు నంబర్‌కి తామే చేయాలి. ఆ మాట ఏంటో తాతయ్యనే ఎంచుకోమనండి. ఒకవేళ మోసపోతే తిట్టకండి, తిడితే రెండోసారి మోసపోయినప్పుడు మీకు చెప్పరు.

అడగడం ఎంత తేడా తెస్తుందో చెప్పడానికి ఒక ఉదాహరణ. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి అనువైన నగరాల గురించి ఒక గైడ్ తెచ్చింది, 33 నగరాల్లో పెద్దవాళ్లనే కూర్చోబెట్టి అడిగి రాసింది. వాళ్లు చెప్పిన వాటిలో ఏముందంటే, దారిలో కూర్చోవడానికి బెంచీలు, శుభ్రమైన పబ్లిక్ టాయిలెట్లు, రోడ్డు దాటడానికి సరిపడా టైమ్ ఇచ్చే సిగ్నళ్లు. బయటికి ఎందుకు రారు అని మనం పెద్ద పెద్ద కారణాలు వెతుకుతాం, టాయిలెట్ ఎక్కడుందో తెలియక రానివాళ్లు ఎంతమందో.

ఇంట్లో చిన్న చిన్న పనుల కోసమే ఒక వృత్తి ఉంది, ఆక్యుపేషనల్ థెరపిస్ట్ అంటారు. స్నానం, బట్టలు, వంట, మెట్లు, వీటిలో మనిషి ఎక్కడ ఆగిపోతున్నాడో చూసి, చేసే పద్ధతో వాడే వస్తువో మారుస్తారు. నేను మొదట ఇదేదో పెద్ద ట్రీట్‌మెంట్ అనుకున్నాను. మేం చూపించుకున్న థెరపిస్ట్ మా నాన్న చేతులు చూసి, బ్యాగులోంచి ఒక చిన్న వస్తువు తీశారు. లావుపాటి పిడి, చివర తీగతో చేసిన ఉచ్చు. దాన్ని కాజాలోంచి దూర్చి, గుండీకి తగిలించి, వెనక్కి లాగితే గుండీ వచ్చేస్తుంది. అంతే. ఇంత చిన్న దానికోసం నేను ఇన్ని నెలలు ఆయన ఎదురుగా నిలబడి గుండీలు పెట్టాను.

మొదటి వారం ఆయన దాన్ని డ్రాయర్‌లో పడేశారు, "నాకొద్దు ఇవన్నీ" అన్నారు. నేను గుండీలు పెట్టడం మానేశాను, అది కష్టమైంది, ఆయనకి కాదు, నాకు. గుమ్మంలో నిలబడటం కూడా మానేసి, బయల్దేరే టైమ్ పావుగంట ముందుకి జరిపాను.

నిన్న పొద్దున ఆయనే తొడుక్కుని బయటికొచ్చారు. మూడో గుండీ నాలుగో కాజాలో ఉంది, చొక్కా ఒకవైపు పైకి లేచింది. నేను చూశాను. కారు తలుపు మాత్రం తీసి పెట్టాను, ఆయనే కూర్చున్నారు.